ఇనుము చెప్పే సాక్ష్యం

1922 ఆగస్టు 22వ తేదీన అల్లూరి సీతారామరాజు తన అనుచరులతో మన్యంలోని చింతపల్లి పోలీసు ఠాణాపై దాడి చేశాడు. అక్కడి తుపాకులను, తూటాలను, కత్తులను స్వాధీనం చేసుకొన్నాడు. అంతటితో వెళ్లిపోలేదు. ఠాణాలోని దస్త్రంలో తాను తీసుకొనిపోతున్న ఆయుధాల వివరాలను రాసి, కింద సంతకం చేశాడు. 11 తుపాకులు, 5 కత్తులు, 1390 తూటాలు, 14 బాయినెట్లు ఆనాడు ఆయనకు చిక్కినట్లు చరిత్ర గ్రంథాలు పేర్కొంటాయి. మరునాడు కృష్ణదేవిపేటలో 7, ఆ మరునాడు రాజవొమ్మంగిలో 8 తుపాకులు లభించాయి. మూడు దినాలు, మూడు ఠాణాలు, 26 తుపాకులు. ఈ వీరగాథను తెలుగునాట వినని వారుండరు. అయితే అందులోని ఒక చిన్న అంశం తగినంత ఆలోచనకు నోచుకోలేదు. తుపాకిని తీసుకొన్నవాడే దాని లెక్కను రాసి ఇచ్చాడు. ఆ లెక్క ఉన్నందువల్లనే ఆ 26 తుపాకులు చరిత్రలో తమదైన స్థానం సంపాదించుకొన్నాయి.

నాణేలను, తపాలా బిళ్లలను, తాళపత్రాలను సేకరించేవారిని లోకం గౌరవిస్తుంది. పాత తుపాకులను సేకరించేవారిని మాత్రం అనుమానంతో చూస్తుంది. ఆ అనుమానానికి కారణం లేకపోలేదు. నాణెం ప్రాణం తీయదు. తుపాకి అందుకోసమే పుట్టింది. అయినప్పటికీ పాత సైనిక తుపాకి, అందునా ఒక దేశం మరొక దేశపు కర్మాగారానికి పురమాయించి చేయించుకొన్న తుపాకి, తామ్రశాసనంతో సమానమైన చారిత్రకాధారం. దానిని భద్రపరచవలసిందే. అయితే దాని విలువ అరుదైనది కావడంలోనో, అధిక ధర పలకడంలోనో లేదు. ఎవరు చేశారు, ఎవరి కోసం చేశారు, ఎవరి చేతుల మీదుగా వచ్చింది అన్న వృత్తాంతంలోనే ఉంది. ఆ వృత్తాంతాన్ని రాసి ఉంచనివాడు ఎన్ని తుపాకులు కూడబెట్టినా అది సేకరణ అనిపించుకోదు.

పరదేశపు పురమాయింపుతో తుపాకులు తయారు కావడం పంతొమ్మిదవ శతాబ్దిలో విస్తృతంగా జరిగింది. సైన్యాలు పెరిగినంత వేగంగా అన్ని దేశాలలోనూ కర్మాగారాలు పెరగలేదు. ధనమున్న రాజ్యం యంత్రాలున్న రాజ్యానికి పని అప్పగించేది. 1870ల తొలినాళ్లలో ఉస్మానియా తురుష్క ప్రభుత్వం అమెరికాలోని ప్రావిడెన్స్ టూల్ కంపెనీకి 6,00,000 పీబాడీ-మార్టినీ తుపాకులను పురమాయించింది. అమెరికా పనివారు తమకు చదవరాని లిపిలో, తాము ఎన్నడూ చూడని సుల్తాను ముద్రను వాటిపై చెక్కారు. 1877లో ప్లెవ్నా ముట్టడిలో ఆ తుపాకులే రష్యా సేనలకు ఘోరనష్టం కలిగించాయి. ఇటు తయారుచేసిన కంపెనీ మాత్రం సొమ్ము సకాలంలో చేతికందక ఆర్థికంగా చితికిపోయింది. ఒక్క తుపాకి మీద రెండు రాజ్యాల కథ, ఒక కర్మాగారం పతనం కథ ఇమిడి ఉన్నాయి.

రాజ్యాల గర్వమూ, పతనమూ ఈ ముద్రలలోనే కనిపిస్తాయి. అర్జెంటీనా ప్రభుత్వం 1891 నమూనా మౌజర్ రైఫిళ్లను జర్మనీలోని లుడ్విగ్ లోవె కంపెనీ చేత చేయించుకొన్నది. వాటిపై తన రాజ్యచిహ్నం చెక్కించింది. తరువాతి కాలంలో వాటిని పరులకు అమ్మివేసేటప్పుడు, తమ చిహ్నం అంగడి సరుకు కారాదన్న అభిమానంతో చాలా తుపాకులపై దానిని అరగదీయించింది. ఇక మొదటి ప్రపంచయుద్ధ కాలంలో రష్యా చక్రవర్తి ప్రభుత్వం అమెరికాలోని రెమింగ్టన్, వెస్టింగ్‌హౌస్ సంస్థలకు లక్షలాది రైఫిళ్లను పురమాయించింది. 1917 విప్లవంలో ఆ ప్రభుత్వం కూలిపోయింది. అమెరికాలో మిగిలిపోయిన తుపాకులను అక్కడి ప్రభుత్వమే కొన్నది. మరుసటి సంవత్సరం ఉత్తర రష్యాకు వెళ్లిన అమెరికా సైనికులకు ఆ తుపాకులనే ఇచ్చారు. రష్యా కోసం అమెరికాలో పుట్టిన ఆయుధం, అమెరికా సైనికుని భుజమెక్కి రష్యన్లపై గురిపెట్టడానికే రష్యాకు చేరింది. ఏ గ్రంథమూ ఇంతకంటె సూటిగా యుద్ధం లోని వైచిత్రిని చెప్పలేదు.

ఇవన్నీ దూరదేశాల ముచ్చట్లని భావించరాదు. గోదావరి తీరం ఇటువంటి తుపాకులను రెండు శతాబ్దాలకు ముందే చూసింది. ఈస్టిండియా కంపెనీ వర్తకుల సంఘం. దాని సైన్యానికి కావలసిన చెకుముకి తుపాకులను లండను తుపాకి పనివారితో ఒప్పందం చేసుకొని చేయించేది. తన సొత్తుకు గుర్తుగా తొలుత హృదయాకారపు ముద్రను, 1808 నుండి సింహం ముద్రను వాటిపై వేయించేది. 1793లో ఫ్రాన్సుతో యుద్ధం రాగానే ఇంగ్లండు ప్రభుత్వానికి తుపాకుల కొరత ఏర్పడింది. అది కంపెనీ కోసం సిద్ధమైన తుపాకులను తీసుకొన్నది. అనంతరం ‘ఇండియా నమూనా’ పేరుతో వాటినే తన సైన్యానికి ప్రమాణంగా స్వీకరించింది. భారతదేశాన్ని లోబరచుకోవడానికి రూపొందిన తుపాకి ఇంగ్లండు సైనికుని సొంత ఆయుధమయింది.

ఆ తుపాకులు మోగిన నేలలో గోదావరి సీమ ఒకటి. 1758 డిసెంబరులో పిఠాపురానికి సమీపాన ఉన్న చందుర్తి వద్ద ఆంగ్లేయులకు, ఫ్రెంచివారికి యుద్ధం జరిగింది. కర్నల్ ఫోర్డు నాయకత్వాన ఆంగ్లసేన, దానికి తోడుగా విజయనగరం ఆనంద గజపతిరాజు సేన, ఎదుట కాన్‌ఫ్లాన్స్ నడిపిన ఫ్రెంచిసేన నిలిచాయి. ఫ్రెంచివారు ఓడిపోయారు. 1765లో మొగలు చక్రవర్తి ఫర్మానా, 1766లో నిజాముతో సంధి ఫలితంగా ఉత్తర సర్కారులు కంపెనీ వశమయ్యాయి. కంపెనీ సైన్యంలో సిపాయిలుగా చేరినవారిలో తెలుగువారు చాలామంది ఉన్నారు. అందువల్లనే ఉత్తర హిందూస్థానంలో కంపెనీ సిపాయిని ‘తిలంగా’ అని పిలవడం పరిపాటి అయింది. పరదేశపు తుపాకి పట్టిన తెలుగువాని జాతి పేరు, వృత్తి పేరుగా మారిపోయింది. హృదయాకారపు ముద్రగల ఒక పాత తుపాకిని చేతబట్టినవాడు ఈ చరిత్రనంతటినీ చేతబట్టినట్లే.

ఆయుధం నిర్మాణంలోనే పాలకుల మనస్సు బయటపడిన సందర్భం మరొకటి ఉంది. 1853 నమూనా ఎన్‌ఫీల్డ్ రైఫిల్ గొట్టం లోపల మెలితిరిగిన చాళ్లు ఉండేవి. వాటివల్ల గుండు గిరగిర తిరుగుతూ తిన్నగా దూరం పోయేది. క్రిమియా యుద్ధపు అవసరాలకు ఇంగ్లండు కర్మాగారాలు చాలక, వీటిని బెల్జియంలోని లియేజ్ నగరంలోనూ, అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలోనూ చేయించారు. వెర్మాంట్‌లోని రాబిన్స్ అండ్ లారెన్స్ సంస్థ 1855లో 25,000 తుపాకులకు ఒప్పుకొని, పని పూర్తికాక ముందే దివాలా తీసింది. ఈ నమూనా తుపాకికి వాడే కొవ్వు పూసిన తూటాలే 1857 తిరుగుబాటుకు తక్షణ కారణాలలో ఒకటయ్యాయని అందరికీ తెలిసిందే. తిరుగుబాటు అణగిన తరువాత భారతీయ పటాలాలకు పైకి ఎన్‌ఫీల్డ్ వలెనే కనిపించే మరొక తుపాకిని ఇచ్చారు. దాని గొట్టం కొసలో వేలు పెట్టి తడిమితే చాళ్లు తగలవు. లోపలంతా నున్నగా ఉంటుంది. ఆ తుపాకి గుండు తెల్లవాని తుపాకి గుండంత దూరం పోదు, అంత తిన్నగా పోదు. సిపాయిపై పాలకునికి నమ్మకం ఎంతవరకు ఉన్నదో ఆ గొట్టమే చెబుతుంది.

సైనికునికే నాసిరకపు ఆయుధం ఇచ్చినవారు సామాన్యునికి ఆయుధం ఉండనిస్తారా? 1878లో లిట్టన్ ప్రభుత్వం ఆయుధాల చట్టం తెచ్చి, అనుమతిపత్రం లేనిదే భారతీయులు తుపాకి ఉంచుకోరాదని శాసించింది. ఆ మరు సంవత్సరమే, 1879 మార్చిలో, గోదావరి మన్యంలో రంప తిరుగుబాటు రగిలింది. కల్లుపన్ను, అధికారుల దోపిడి భరించలేని కొండవారు, ముఠాదారులు ఠాణాలపై విరుచుకుపడ్డారు. నాలుగు దశాబ్దాల అనంతరం సీతారామరాజు అడుగుపెట్టింది ఆ నిప్పు పూర్తిగా చల్లారని నేలపైనే. ఆయన అనుచరుల చేతిలో ప్రధానంగా విల్లంబులే ఉండేవి. ఠాణాలనుండి తెచ్చిన 26 తుపాకులు వారికెంత విలువైనవో ఈ నేపథ్యంలో చూస్తేనే బోధపడుతుంది.

ఇక సేకరణ విషయానికి వస్తే, తుపాకి మీది ముద్ర ఎంత విలువైనదో అంత మోసకారి కూడా. పెషావరు సమీపాన ఉన్న దర్రా ఆదంఖేల్ కమ్మరులు ఆంగ్ల సైనిక తుపాకులను చూచి అచ్చంగా అటువంటివే చేసేవారు. కిరీటాన్నీ, రాణి పేరులోని అక్షరాలనూ, సంవత్సరాన్నీ చెక్కేవారు. అయితే ఆ భాష రానందువల్ల కొన్ని అక్షరాలు తలక్రిందులుగానో, ఎడమకు తిరిగో పడేవి. 1901లో మరణించిన విక్టోరియా రాణి ముద్ర తరువాతి సంవత్సరాల తేదీలతో కనిపించేది. ముద్రను మాత్రమే నమ్మి వేలకు వేలు పోసి కొన్నవాడు మోసపోక తప్పదు. ముద్రకు తోడు వృత్తాంతం ఉండాలి. తుపాకిపై ఉన్న సంఖ్య ఒక దస్త్రంలోనూ ఉండాలి. ఎవరి ఇంటినుండి వచ్చింది, ఆ ఇంటికి ఎట్లా చేరింది, ఆ సంగతి ఎవరు చెప్పారు అన్న వివరాలు కాగితంపై ఉండాలి. చింతపల్లి దస్త్రంలో రాజు చేసిన సంతకం అటువంటి సాక్ష్యమే. ఆయన తన పోరాటం దొంగతనం కాదని చాటడానికి ఆ లెక్క రాశాడు. చరిత్ర విద్యార్థికి అది సేకరణధర్మాన్ని బోధించే పాఠం కూడా అయింది.

ఆయుధాలను భద్రపరచడం హింసను కీర్తించడమే అవుతుందని కొందరు పెద్దలు ఆక్షేపిస్తారు. ఈ ఆక్షేపణను తేలికగా కొట్టివేయరాదు. తుపాకిని గోడకు తగిలించి మీసం మెలివేసేవానికి అది చరిత్ర కాదు, ఆడంబరం. అటువంటి సేకరణ వల్ల సమాజానికి ఒరిగేదేమీ లేదు. కాని ఆయుధాన్ని కంటికి కనబడకుండా చేసినంత మాత్రాన అది చేసిన గాయం లేకుండా పోదు. నున్నని గొట్టంగల సిపాయి తుపాకిని చూసిన విద్యార్థికి పరాయిపాలన స్వభావం పది పుటల పాఠం కంటె స్పష్టంగా అవగతమవుతుంది. హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆయుధాల విభాగాన్ని దర్శించేవారెవరూ యుద్ధకాంక్షతో తిరిగిరారు. అదే నగరంలో గన్‌ఫౌండ్రీ అనే పేట ఉంది. నిజాం కొలువులోని ఫ్రెంచి సేనాని రేమండ్ 1786లో నెలకొల్పిన ఫిరంగుల కర్మాగారం వల్ల వచ్చిన పేరది. ఆ పేరు వెనుక ఉన్న కథ తెలియాలంటే వస్తువు కూడా మిగిలి ఉండాలి.

చట్టం మాటేమిటన్న ప్రశ్న మరింత ముఖ్యమైనది. పాతది కదా అని ఏ తుపాకినైనా ఇంట ఉంచుకోవడం తగదు. 1959 నాటి ఆయుధాల చట్టంలోని 45వ సెక్షను ప్రకారం, కాలం చెల్లిన నమూనాకు చెందినదో, పురావస్తు విలువ గలదో, శిథిలమైనదో అయి, మరమ్మతు చేసినప్పటికీ తుపాకిగా పనికిరాని ఆయుధానికి మాత్రమే ఆ చట్టం నుండి మినహాయింపు ఉంది. పేలగలిగిన తుపాకి ఎంత పాతదైనా అనుమతిపత్రం ఉండవలసిందే. ఈ సంగతిని యజమాని తనకు తానుగా తేల్చుకోరాదు. అధికారులకు చూపి నిర్ణయం పొందాలి. నూరేళ్లు దాటిన చారిత్రక వస్తువులకు 1972 నాటి పురావస్తు, కళానిధుల చట్టం వర్తిస్తుంది. వాటిని సొంతంగా విదేశాలకు పంపడం నేరం. చట్టాన్ని దాటిన సేకరణ ఎంత గొప్పదైనా గర్వించదగినది కాదు. సేకరణ కాక మరేదో అనిపించుకొనే ప్రమాదం దానికి ఎప్పుడూ ఉంటుంది.

అదే సమయంలో చట్టం అమలులోనూ చరిత్రకు చోటుండాలి. 2019లో జరిగిన సవరణ ప్రకారం ఒక వ్యక్తి లైసెన్సుపై రెండు తుపాకులకు మించి ఉంచుకోరాదు. అంతకుముందు ఈ పరిమితి మూడు. వారసత్వంగా వచ్చినవాటికీ ఈ పరిమితి వర్తిస్తుంది. ప్రజల భద్రత దృష్ట్యా ఈ నిబంధనను తప్పుపట్టనక్కరలేదు. అయితే తాతల నాటి తుపాకిని అప్పగించే ఇంటివారు దాని కథను కూడా అప్పగించగలిగే ఏర్పాటు ఉండటం న్యాయం. అప్పగించిన ఆయుధాన్ని తుక్కుగా మార్చే ముందు, ముద్రలు చదవగల పురావస్తు నిపుణుడు ఒకసారి చూడటం అవసరం. ఆ చూపుకు పట్టేది ఒక గంట. చూడకపోతే పోయేది రెండు వందల ఏళ్ల సాక్ష్యం.

నిర్లక్ష్యం చేస్తే ఏమవుతుందో పొరుగున ఉన్న నేపాలు ఉదంతం తెలుపుతుంది. కాట్మండులోని ఒక పాత రాజభవనంలో తరతరాల సైనిక ఆయుధాలు దుమ్ముపట్టి పడి ఉండేవి. ఈస్టిండియా కంపెనీ కాలపు చెకుముకి తుపాకులు, మార్టినీ-హెన్రీ రైఫిళ్లు, నేపాలీయులు స్వయంగా తయారుచేసుకొన్న గహేంద్ర రైఫిళ్లు అందులో ఉన్నాయి. 2003లో యాభై వేలకు పైగా తుపాకులను అమెరికా వ్యాపారులు కొని ఓడలకెత్తించారు. నేడవి దేశదేశాల సేకర్తల ఇండ్లలో ఉన్నాయి. వారు తుప్పు వదలగొట్టారు, ముద్రలను చదివారు, గ్రంథాలు రాశారు. ఆ మేలును కాదనలేము. కాని నేపాలు విద్యార్థి తన దేశపు తుపాకిని చూడదలిస్తే సముద్రాలు దాటవలసిన స్థితి ఏర్పడింది. తమ వస్తువు విలువ తమకు తెలియనప్పుడు ఆ విలువను పరులు నిర్ణయిస్తారు.

గోదావరి సీమలో ఇనుముకు మరొక శత్రువు ప్రకృతి. కోనసీమ ఉప్పుగాలి, గోదావరి వరదనీరు తుపాకి గొట్టాన్ని కొద్ది సంవత్సరాలలోనే తినివేస్తాయి. 1986 ఆగస్టు వరదలలో, 1996 నవంబరు తుపానులో ఈ సీమ ఎంత నష్టపోయిందో పెద్దలు ఎరుగుదురు. లోగిళ్ల అటకలపై, దూలాల సందులలో ఉన్న పాత వస్తువులకు నీరు, చెద, తుప్పు అన్నీ శత్రువులే. కొందరు దసరాకు ఆయుధపూజ పేరిట పాత కత్తులను, తుపాకులను గరుకు కాగితంతో రుద్ది తళతళలాడిస్తారు. భక్తితో చేసే ఆ పనివల్ల ముద్రలు అరిగిపోతాయని వారికి తెలియదు. అర్జెంటీనా ప్రభుత్వం బుద్ధిపూర్వకంగా చేసిన పనిని వీరు తెలియక చేస్తున్నారు. ఇంట ఇటువంటి వస్తువు దొరికినవారు ముందుగా పోలీసులకు తెలియజేయాలి. తుడవకుండా, విప్పకుండా ఫోటోలు తీయించాలి. ముద్రలను, సంఖ్యలను ఉన్నవి ఉన్నట్లు రాసుకోవాలి. ఇంటి పెద్దలు దానిని గురించి చెప్పే మాటలను, చెప్పినవారి పేరు, తేదీతో సహా నమోదు చేయాలి. వీటిలో ధనంతో పనిలేదు. కళాశాల విద్యార్థి సైతం చేయగలడు.

సీతారామరాజు ఠాణా దస్త్రంపై సంతకం చేసిన 1922వ సంవత్సరంలోనే రాజమహేంద్రవరంలో ఆంధ్రేతిహాస పరిశోధక మండలి ఏర్పడింది. ఒకవైపు కొండలలో స్వాతంత్ర్యం కోసం తుపాకులను సమకూర్చుకొంటున్న కాలంలోనే, మరొకవైపు గోదావరి ఒడ్డున పండితులు శాసనాలను, తామ్రపత్రాలను సమకూర్చడానికి పూనుకొన్నారు. ఆ పండితులు రాగిరేకుపై అక్షరాన్ని చదివి రాజవంశాల చరిత్రను వెలికితీశారు. అదే ఓర్పుతో, అదే నిజాయితీతో ఇనుముపై ముద్రను చదవడం మిగిలి ఉంది. రాజమహేంద్రవరంలోని రాళ్లబండి సుబ్బారావు ప్రభుత్వ మ్యూజియం వంటి సంస్థలు, కళాశాలల చరిత్ర విభాగాలు కలిసి పూనుకొంటే ఈ సీమలోని పాత ఆయుధాల వృత్తాంతాలతో ఒక సమగ్రమైన దస్త్రాన్ని సిద్ధం చేయడం అసాధ్యం కాదు. తుపాకులన్నీ ఒకచోట చేరకపోయినా ఫరవాలేదు. లెక్క చేరితే చాలు. యుద్ధం మధ్యలో, శత్రువు ఠాణాలో నిలబడి ఒక వీరుడు లెక్క రాయగలిగాడు. శాంతికాలంలో, సొంత ఇంట కూర్చొని ఆ పని చేయకపోవడానికి సాకు లేదు.